నెల్లూరులో ఇంటి నుంచి గిఫ్ట్ బుట్టలు: అడిగేవాళ్ళు ఉన్నారు, కొనేవాళ్ళు లేరు

వేదాయపాళెం బుట్టలు (ప్రశ్న):

నమస్తే అండీ. నెల్లూరులో ఇంటి నుంచే గిఫ్ట్ బుట్టలు అమ్ముతున్నాం. మొదలుపెట్టి 14 నెలలు. లెక్కలన్నీ దాచకుండా పెడుతున్నా, తప్పెక్కడో చెప్పండి.

ఎక్కువగా పెట్టేది 1,499 రూపాయల బుట్ట. అందులో విదేశీ చాక్లెట్లు, 200 గ్రాముల డ్రైఫ్రూట్స్, సెంటు కొవ్వొత్తి, ఒక కప్పు, చిన్న టెడ్డీ. లోపలి సరుకు 760, కేన్ బుట్ట 180, పేపర్ తురుము, ఫిల్మ్, రిబ్బన్ కలిపి 90, కార్డు 10. టౌన్‌లో డెలివరీ ఫ్రీ అని వేశాం, అది మాకు 80 పడుతుంది. పండగ నెలలు తీసేస్తే నెలకు ఏడు బుట్టలు పోతాయి. ఇన్‌స్టాలో 1,100 మంది ఉన్నారు, సగానికి పైగా హైదరాబాదు, బెంగళూరు వాళ్ళే. రోజుకు 200 చొప్పున నెలలో 15 రోజులు బూస్ట్ చేస్తాం (డబ్బు కట్టి పోస్టు ఎక్కువమందికి చూపించడం). "ప్రైస్ ప్లీజ్" అని మెసేజ్‌లు బాగా వస్తాయి. రేటు చెప్పాక మళ్ళీ పలకరు.

పోయిన దీపావళికి 56 బుట్టల సరుకు తెచ్చాం, 34 పోయాయి. మిగిలిన 22 బుట్టల చాక్లెట్ల మీద తెల్లగా పొర కట్టింది.

రేటు 1,299కి దించితే మేలా? ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టాలా? ముందు ఏది చేయాలి?

పద్దుపుస్తకం:

రేటు దించకండి. ముందు మీరు రాసిన అంకెల్నే ఒకసారి కూడి చూడండి.

760, 180, 90, 10, 80 కలిపితే 1,120. 1,499లో మీకు మిగిలేది 379. ప్రకటనకు నెలకు 3,000 పెడుతున్నారు. ఏడు బుట్టల మీద పంచితే ఒక్కోదానికి 428. అంటే ప్రతి బుట్టకూ దాదాపు 49 రూపాయలు చేతి నుంచి పోతున్నాయి, మీ చేతి కష్టానికి పైసా వేయకముందే. ఎనిమిదో బుట్ట పోతేగానీ ప్రకటన డబ్బు తిరిగి రాదు. 1,299 చేస్తే బుట్టకు మిగిలేది 179. అప్పుడు ప్రకటన ఖర్చు రాబట్టుకోవడానికే 17 బుట్టలు అమ్మాలి. రేటు తగ్గించినంత మాత్రాన ఏడు పోయేచోట పదిహేడు పోవు.

బుట్ట నింపి, ఆ తర్వాత రేటు కట్టడం దగ్గరే తప్పు మొదలవుతోంది. రేటు ముందు పెట్టుకుని వెనక్కి రండి. ఉదాహరణకు 699 బుట్ట. లోపలి సరుకు 315 దాటకూడదు, బుట్టా ప్యాకింగూ కలిపి 85. మిగిలే 299లో ప్రకటనకో, ఆర్డర్ తెచ్చిపెట్టినవాళ్ళకో 70కి మించి పోకుండా చూసుకోండి. డెలివరీ విడిగా 60 అని ఫొటో మీదే రాయండి. 85లో కేన్ బుట్ట రాదు, అక్కడ గట్టి అట్టపెట్టె గానీ వెదురు పళ్ళెం గానీ వాడాలి. పుచ్చుకున్నవాళ్ళు బుట్టను మహా అయితే ఉల్లిపాయలు వేసుకోవడానికి ఉంచుకుంటారు. దానికి మీరు 180 పెట్టనక్కర్లేదు.

349, 699, 1,299 అని మూడు మెట్లు చాలు. నాలుగోది వద్దు. పెద్ద రేటు పక్కన ఉంటే మధ్యది అందుబాటుగా కనిపిస్తుంది. 349ది చేతిలో డబ్బు తక్కువున్నవాళ్ళకు, ఒక్కసారి కొని చూద్దాం అనుకునేవాళ్ళకు పనికొస్తుంది.

"ప్రైస్ ప్లీజ్" అని అడిగి ఆగిపోవడానికి కారణం ఫొటో మీద రేటు లేకపోవడం. 500 ఉంటుందనుకుని అడుగుతారు, 1,499 అనగానే వెనక్కి తగ్గుతారు. రేటూ, లోపలి వస్తువుల లెక్కా, ఎన్ని రోజుల ముందు చెప్పాలో ఫొటో మీదే తెలుగులో రాసేస్తే మెసేజ్‌లు సగం తగ్గుతాయి. తగ్గనివ్వండి, మిగిలిన సగం కొనేవాళ్ళు. ఫొటో ఉదయం పూట కిటికీ వెలుతురులో, ఒకే రంగు గుడ్డ మీద తీయండి. పక్కన చెయ్యి ఆనించి తీస్తే సైజు తెలుస్తుంది. బుట్ట అనుకున్నదానికంటే చిన్నగా వచ్చిందనే ఫిర్యాదు చాలామటుకు అక్కడే ఆగుతుంది.

బూస్ట్ బటన్ ఇక నొక్కకండి. అలవాటుగా నొక్కేస్తే చూసేవాళ్ళూ లైకులూ వస్తాయి గానీ ఆర్డర్లు రావాలనేం లేదు. హైదరాబాదు వాళ్ళు మీ పేజీలో చేరింది అట్లాగే. ప్రకటన వేయాలంటే ఇన్‌స్టా, ఫేస్‌బుక్ ప్రకటనలు నడిపే యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్ళి, నొక్కితే నేరుగా వాట్సాప్ తెరుచుకునే రకం ఎంచుకోండి. పిన్ నెల్లూరు మధ్యలో పెట్టి చుట్టూ 10 కిలోమీటర్లు ఇవ్వండి. అదీ ఏడాది పొడుగునా వద్దు, సందర్భానికి మూడు వారాల ముందు మొదలుపెట్టి పది రోజులు చాలు.

పెన్నగట్టు:

లెక్క సరే. అసలు సంగతి ఇంకోటి ఉండాది. నెల్లూరులో టెడ్డీ, సెంటు కొవ్వొత్తి, కప్పు కలిపి 1,499 పెట్టి కొనేవాళ్ళు ఎంతమంది చెప్పండి. పుట్టినరోజుకి పిల్లకాయలు కొంటారు, వాళ్ళ చేతిలో 500 ఉంటే ఎక్కువ. అదే ఇంట్లో శ్రీమంతం వస్తే వేలల్లో ఖర్చు పెడతారు, ఎవరూ బతిమాలక్కర్లేదు. ఆ డబ్బు ఉన్నకాడికి మీరు పోవాల. గిఫ్ట్ బాస్కెట్ అనే మాటే పక్కన పెట్టేసి సారె, తాంబూలం, నిశ్చితార్థం పళ్ళేలు, రిటర్న్ గిఫ్టులు అని బోర్డు రాసుకోండి. మీ చేతిపని అదే, పేరు మారిందంతే.

శ్రీమంతం సారె అంటే పళ్ళేలు బేసి లెక్కలో అడుగుతారు: 5, 9, 11, 21. స్వీట్లు, పండ్లు, పూలు, గాజులు, చీర, పసుపు కుంకుమ. అన్నీ మీరే కొనిపెట్టబాకండి. చీరా స్వీట్లూ వాళ్ళే తెస్తారు, మీరు పళ్ళెం అద్దెకిచ్చి సర్ది, అలంకరించి, ఫిల్మ్ చుట్టి ఇవ్వండి. పళ్ళేనికి ఇంత అని తీసుకుంటే సరుకు మీద మీ డబ్బు ఇరుక్కోదు. పళ్ళేలకు అడ్వాన్సు పట్టుకోండి, లేకుంటే 21 పోయి 17 వస్తాయి.

తాంబూలం సంచి 120 రూపాయలకు, తక్కువలో తక్కువ 50 సంచులు. జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు, పసుపు 20 గ్రాములు, కుంకుమ 20 గ్రాములు, రెండు వక్కలు, అర డజను గాజులు, చిన్న కొయ్య గరిటె ఒకటి. గాజుల సైజు అందరికీ ఒకటే పెట్టబాకండి. 2.6 ఎక్కువ పోతుంది గానీ 2.4, 2.8 కూడా కొన్ని విడిగా కట్టి, సంచి మీద చిన్న చుక్క స్టిక్కరు వేస్తే పంచేవాళ్ళకు సులువు. తమలపాకులు ముందురోజే సంచిలో పెట్టి మూసేస్తే తడికి నల్లబడతాయి, కుంకుమ పొట్లం కూడా నానిపోతుంది. ఆకులు విడిగా తడిగుడ్డలో చుట్టి ఇచ్చి, పంచే ముందు పెట్టుకోమని చెప్పండి.

గరిటె అన్నానే, అది ఉదయగిరిది పెట్టండి. నర్ది, బిక్కి లాంటి కొయ్యతో అక్కడ చేత్తో చెక్కుతారు, భౌగోళిక గుర్తింపు కూడా ఉండాది. మన జిల్లా వస్తువు. బెంగళూరులో ఉండే బంధువు చేతికి పోతే అది ఏందని అడుగుతారు, మీ కార్డు చూస్తారు. విదేశీ చాక్లెట్ యాడైనా దొరుకుతుంది కదా. కొయ్యకు తేమ తగిలితే బూజు పడుతుంది కాబట్టి పండ్ల పక్కన గానీ ఆకుల పక్కన గానీ పెట్టబాకండి. కట్టే ముందు ఎండిన గుడ్డతో తుడిచి కాయితంలో చుట్టండి.

ఆర్డర్లు ఎవరు తెస్తారంటే పెళ్ళికూతురు మేకప్ వాళ్ళు, ఫొటోగ్రాఫర్లు, పూల డెకరేషన్ వాళ్ళు, వంట మేస్త్రీలు, కల్యాణమండపం మేనేజర్లు. శ్రీమంతానికైతే గాజుల కొట్టు వాళ్ళకు అందరికంటే ముందు తెలుస్తుంది. చిన్నబజారులో రెండు గాజుల కొట్లలో ఒక్కో నమూనా పళ్ళెం పెట్టించగలిగితే, మీ 3,000 బూస్ట్ కంటే అదే మేలు. ఆర్డర్ తెచ్చినవాళ్ళకు నూటికి ఎనిమిదో పదో ముందే మాట్లాడుకుని, డబ్బు అందిన రోజే ఇచ్చేయండి. ఆలస్యం చేస్తే మళ్ళీ మీ పేరు చెప్పరు.

పంచాంగం గోడకు తగిలించుకోండి. మూఢంలో, ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, అప్పుడు సరుకు కొనబాకండి. శ్రావణం మొదలయ్యేసరికి వరలక్ష్మీ వ్రతం తాంబూలాలకు జాకెట్టు ముక్కలు, గాజులు ఇంట్లో ఉండాల. వ్రతం వారంలో కొనబోతే రేటు పెరుగుతుంది, రంగులు కూడా దొరకవు. ఓణీల పండగలు బడి సెలవుల్లో ఎక్కువ. గృహప్రవేశాలు ముహూర్తాలు ఉన్న నెలల్లో వారం వారం ఉంటాయి.

ట్రంకురోడ్డు నుంచి:

స్టాల్ గురించి ఒక్క మాట. మూడు రోజుల స్టాల్ అద్దె, టేబుళ్ళు, పొద్దున్నించి రాత్రి దాకా ఇద్దరు మనుషులు. అక్కడ 150, 200 రూపాయల వస్తువులు పోతాయి, బుట్టలు పోవు. ఇంకొకరి స్టాల్‌లో ఒక అర అద్దెకు తీసుకుని రెండు నమూనాలు, ఫోన్ నంబర్ల పుస్తకం పెట్టండి చాలు. పుస్తకంలో పేరు, నంబరు, ఇంట్లో వచ్చే శుభకార్యం, నెల అని నాలుగు గడులు గీయండి.

ఒంగోలు హోల్‌సేల్:

పెద్ద ఆర్డర్ల సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. ఏడాదికి రెండు మూడు ఆర్డర్లు వందల లెక్కన వస్తే ఇంటి వ్యాపారం నిలబడుతుంది. నెల్లూరులో అడగాల్సినవాళ్ళు రొయ్యల మేత డీలర్లు, ఎరువుల డీలర్లు, బైకు, కారు షోరూములు, ప్రైవేటు ఆసుపత్రులు, ల్యాబులు, రైసు మిల్లులు, ప్లాట్లు అమ్మేవాళ్ళు. ఒంగోలు వైపు చీమకుర్తి గ్రానైట్ వాళ్ళు. షోరూము వాళ్ళకు దీపావళి ఒక్కటే కాదు, బండి ఇచ్చిన ప్రతిసారీ ఒక చిన్న పెట్టె ఇస్తారు. నెలకు 40 బండ్లు ఇచ్చే షోరూము ఒక్కటి మీ 349 పెట్టె తీసుకుంటే మీ ఏడు బుట్టల బాధ తీరుతుంది.

దీపావళికి 45 రోజుల ముందు వెళ్ళాలి. పండగకు పది రోజుల ముందు వెళ్తే వాళ్ళు అప్పటికే స్వీటు షాపుకు చెప్పేసి ఉంటారు. చేతిలో మూడు రేట్ల నమూనాలు, ఒకే పేజీ కొటేషన్ ఉండాలి. అందులో ఒక్కో పెట్టె రేటు, 50, 100, 200 తీసుకుంటే ఎంత, కంపెనీ పేరు స్టిక్కరు ఉచితమా కాదా, ఎన్ని చోట్ల దించాలి, అడ్వాన్సు సగం, లెక్క ఖరారు చేయాల్సిన ఆఖరి తేదీ. ఆ ఆఖరి తేదీ రాయకపోతే 120 అని చెప్పినవాళ్ళు ముందురోజు 160 అంటారు. నమూనా ఓనరుకు ఒక్కడికే ఇవ్వకుండా లెక్కలు చూసే గుమస్తాకూ ఇవ్వండి. బిల్లు పాస్ చేసేది ఆయనే.

జీఎస్టీ గురించి చాలామంది భయపడతారు. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మకాలు ఏడాదికి 40 లక్షలు దాటనంతవరకు, రాష్ట్రం లోపలే అమ్ముతున్నంతవరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చెన్నై దగ్గరే కదా అని అక్కడివాళ్ళకు అమ్మితే మాత్రం పక్క రాష్ట్రపు అమ్మకం అవుతుంది, మొదటి బుట్ట నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. కంపెనీవాళ్ళు మీకు జీఎస్టీ నంబరు లేదు, మాకు క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మా పన్నులో తగ్గించుకునే వీలు) రాదు అంటే ఒప్పుకోకండి. గిఫ్టుగా ఇచ్చేసిన వస్తువుల మీద ఇన్‌పుట్ క్రెడిట్ చట్టంలోనే లేదు, నంబరు ఉన్నవాళ్ళ దగ్గర కొన్నా వాళ్ళకు రాదు. గుమస్తాకు ఇది మర్యాదగా చెప్పండి, ఒప్పుకుంటారు.

రేపు రిజిస్ట్రేషన్ తీసుకున్నాక ఇంకోటి గుర్తుంచుకోండి. వేరువేరు వస్తువులు కలిపి ఒకే రేటుకు అమ్మితే, అందులో ఎక్కువ పన్నున్న వస్తువు రేటే బుట్ట మొత్తానికి పడుతుంది. 5 శాతం ఉన్న జీడిపప్పు, బాదం బుట్టలో 18 శాతం ఉన్న పెర్ఫ్యూమ్ సీసా ఒక్కటి పెట్టినా మొత్తం మీద 18 కట్టాలి. సీసాకు బిల్లులో విడిగా రేటు వేసి, విడిగా కూడా అమ్మండి.

తినే వస్తువు ఉంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, వాళ్ళ ఫాస్కాస్ పోర్టల్‌లో ఇంటి చిరునామాతోనే చేసుకోవచ్చు. కిలోల్లో జీడిపప్పు తెచ్చి చిన్న పొట్లాలు కడితే ఆ పొట్లం మీద మీ పేరు, చిరునామా, 14 అంకెల రిజిస్ట్రేషన్ నంబరు, బరువు, కట్టిన తేదీ, ఎప్పటిలోగా తినాలో అన్నీ ఉండాలి. ఫ్యాక్టరీ ప్యాకెట్ అయితే లేబుల్ చింపకండి, అందానికని రిబ్బన్‌తో తేదీ కప్పకండి. బుట్టలో అన్నిటికంటే ముందు గడువు తీరే వస్తువు తేదీయే బుట్ట తేదీ.

చుట్టూ ఫిల్మ్:

తెల్లపొర సంగతి నేను చెప్తా. అది బూజు కాదు. చాక్లెట్ వేడికి లోపల మెత్తబడి మళ్ళీ గట్టిపడితే అందులోని కొవ్వు పైకి తేలి అట్లా పేరుకుంటుంది. గడువు లోపల ఉంటే తినొచ్చు, కానీ గిఫ్టుగా ఇవ్వడానికి పనికిరాదు. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే తేమ పట్టి చక్కెర పైకి వచ్చి ఇంకోరకం పొర కడుతుంది, కాబట్టి ఫ్రిజ్ మందు కాదు. నెల్లూరు ఎండకు ఫిబ్రవరి చివరి నుంచి జూలై దాకా బుట్టలో చాక్లెట్ మానేయడమే మంచిది. ఆ స్థానంలో సున్నుండలు, వేరుశనగ చిక్కీ, మసాలా జీడిపప్పు, ఖర్జూరం పెట్టండి. మలాయ్ కాజా నెల్లూరుకు పేరే గానీ బుట్టలో వద్దు. పాకం కారుతుంది, ఎక్కువ రోజులు ఆగదు. అడిగితే విడి డబ్బాలో, ఇచ్చే రోజే తెచ్చి పక్కన పెట్టండి.

చాక్లెట్ పాడవడానికి ఇంకో కారణం మీ హీట్ గన్ కూడా కావచ్చు. ఫిల్మ్ బిగించేటప్పుడు గన్ ఒకేచోట ఆపితే లోపలి చాక్లెట్ అక్కడే కరుగుతుంది. గన్ ఒక జానెడు దూరంలో, ఆపకుండా కదుపుతూ ఉండాలి. ముందు బుట్ట అడుగున ఫిల్మ్ అంచులు మడిచి టేపు వేసి అక్కడ వేడి పెట్టండి, తర్వాత చుట్టూ పక్కలు, చివర్లో పైభాగం. పైనుంచి మొదలుపెడితే ముడతలన్నీ కిందికి చేరి పోవు. గుండుసూదితో వెనకవైపు రెండు మూడు రంధ్రాలు పొడవకపోతే లోపలి గాలి వేడికి ఉబ్బి ఫిల్మ్ చిరుగుతుంది. పీవీసీ ఫిల్మ్ చవక, కానీ వేడి తగిలితే వాసన వస్తుంది. తినే వస్తువులున్న బుట్టకు పాలియోలెఫిన్ ఫిల్మ్ వాడండి.

సరుకు తక్కువైనా బుట్ట నిండుగా కనిపించాలంటే అడుగున అట్టముక్క మడిచి బుట్ట లోతులో మూడింట రెండు వంతుల దాకా లేపండి. దాని మీద 50 గ్రాముల పేపర్ తురుము చాలు. తురుము మీదే అంతా నింపబోతే 200 గ్రాములు పడుతుంది, బండి కుదుపులకు వస్తువులు అందులోకి దిగిపోతాయి. పొడుగువి వెనక, బరువువి మధ్యలో అడుక్కి, పేరు కనిపించాల్సినవి ముందు. ప్రతి వస్తువుకూ వెనక, రెండు పక్కలా జిగురుండే టేపు ముక్క వేసి పక్కదానికి ఆనించండి. పూర్తయ్యాక బుట్టను రెండు చేతులతో పట్టుకుని ఒక పక్కకు వంచి చూడండి. ఏదైనా జరిగితే విప్పి మళ్ళీ కట్టాలి, అది కస్టమర్ గుమ్మం దగ్గర జరగకూడదు.

పండ్ల బుట్టకు ఫిల్మ్ పూర్తిగా మూయకండి, లోపల ఆవిరి పట్టి ద్రాక్ష ఒక్క పూటలో మెత్తబడుతుంది. అరటిపళ్ళు, ఆపిల్ మిగతావాటిని తొందరగా మగ్గిస్తాయి, ఇచ్చే రోజే కట్టాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు. దీపావళి బుట్టలో మురుకులు, చెక్కలు ఉంటే మందమైన పౌచ్‌లో వేసి సీలు చేయాల్సిందే. బుట్టలో విడిగా పెడితే రెండో రోజుకు సాగుతాయి.

కావలికో ఒంగోలుకో ఆర్టీసీ కార్గోలో పంపితే బుట్టను బుట్టలాగే పంపకండి, పిడి నలుగుతుంది. 12 అంగుళాల బుట్టకు అన్నివైపులా ఒక అంగుళం ఖాళీ ఉండేలా ఐదు పొరల అట్టపెట్టె తీసుకుని ఆ ఖాళీలో కాయితం కుక్కండి. ఆ పెట్టె, ఛార్జీ కస్టమరుకే.

వేదాయపాళెం బుట్టలు:

అందరికీ చాలా కృతజ్ఞతలు. 49 ఎదురు అన్న లెక్క చూసి ఈ రాత్రే బూస్ట్ ఆపేశాం. రెండు సందేహాలు. మిగిలిన 22 బుట్టల సరుకు ఏం చేయాలి? గూగుల్ మ్యాప్‌లో పెట్టమంటున్నారు, ఇంటి చిరునామా అందరికీ కనిపిస్తుందని ఇంట్లో ఒప్పుకోవడం లేదు.

పద్దుపుస్తకం:

కప్పులు, కొవ్వొత్తులు పాడయ్యేవి కావు. రెండిటినీ పెట్టెలో పెట్టి 349 మెట్టులోకి దించండి, గృహప్రవేశం రిటర్న్ గిఫ్టుగా పోతాయి. టెడ్డీలు ఓణీల పండగకు పనికిరావు, బారసాల పళ్ళెంలో పెట్టండి. డ్రైఫ్రూట్స్ ఒక ప్యాకెట్ విప్పి రుచి చూడండి. గింజ ముక్కవాసన వస్తే పారేయాలి. దాని మీద ఆశ పెట్టుకోకండి, ఒక్క చెడ్డ జీడిపప్పు చాలు మీ పేరు పోవడానికి.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో చిరునామా దాచేసి, ఎక్కడెక్కడికి తెచ్చిస్తారో ఆ ఏరియాలు మాత్రం పెట్టుకోవచ్చు. నెల్లూరు, కావలి, ఆత్మకూరు, ముత్తుకూరు అని రాయండి. వెరిఫికేషన్‌కు వీడియో అడగొచ్చు. బయట వీధి, లోపల ప్యాకింగ్ టేబులు, సరుకు, మీ పేరున్న స్టిక్కర్లు ఒకే వీడియోలో ఆపకుండా చూపించాలి. మధ్యలో ఆపి అతికిస్తే తిరస్కరిస్తారు. పేరులో ఊరూ, వస్తువులూ ఇరికించకండి, స్టిక్కరు మీద ఉన్న పేరే పెట్టండి.

పెన్నగట్టు:

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ (ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా పంపడం) సంగతి మరిచిపోయాం. ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు గానీ, మీ నంబరు వాళ్ళ ఫోన్లో సేవ్ అయ్యుంటేనే మెసేజ్ పోతుంది. అందుకని డెలివరీ చేసేటప్పుడే "నంబరు సేవ్ చేసుకోండమ్మా, వచ్చే శ్రావణానికి రంగులు ముందే పంపిస్తాం" అని అడగండి. కొన్నవాళ్ళ పేరు పక్కన తేదీ, సందర్భం రాసుకోండి. శ్రీమంతం చేసిన ఇంట్లో రెండు మూడు నెలల్లో బారసాల వస్తుంది. బిడ్డ పుట్టిన కబురు తెలిశాకే అడగండి, ముందుగా అడగబాకండి.